లోయలు రెండు, భాష్యం ఒకటి

డెత్ వ్యాలీని, మృత సముద్రపు లోయను జంటగా చెప్పడం భూవిజ్ఞానంలో పాత అలవాటు. ఒకటి అమెరికాలో, కాలిఫోర్నియా తూర్పు అంచున ఉంది. రెండోది ఇజ్రాయెల్, వెస్ట్ బ్యాంక్, జోర్డాన్‌ల మధ్య ఉంది. రెండూ ఎడారులే. రెండూ సముద్రమట్టం కంటే కిందికి దిగిన నేలలే. రెండింటి అడుగునా ఉప్పే. పైగా రెండూ పక్కలకు జారే భ్రంశాల (నేల పగిలి కదిలే చీలికల) నడుమ కుంగిన లోయలు. అందుకే పుల్-అపార్ట్ బేసిన్ల గురించి పాఠం చెప్పేవాళ్ళు ఈ రెండింటినీ ఒకే గాటన కట్టేస్తారు.

ఆకారం వరకైతే ఆ పోలికతో పేచీ లేదు. ఆకారం ఒకటే కాబట్టి కథ కూడా ఒకటేనని ఒప్పేసుకోవడంతోనే చిక్కు. పుల్-అపార్ట్ నమూనా మృత సముద్రపు లోయను దాదాపు మొత్తంగా వివరిస్తుంది. డెత్ వ్యాలీ విషయంలో మాత్రం అది చివరి అధ్యాయాన్నే చెప్పి ఊరుకుంటుంది. ఈ తేడా తేలాలంటే రెండు లోయలనూ, వాటికి భూవిజ్ఞానులు చెప్పిన భాష్యాలనూ ఎదురెదురుగా పెట్టి చూడాలి.

పటం మీద పోలిక

ముందు నమూనా సంగతి. ఒక అట్టను మధ్యలో మెట్టు వచ్చేలా కత్తిరించి, రెండు ముక్కలనూ ఎదురెదురు దిక్కులకు జరిపితే మెట్టు ఉన్నచోట ఖాళీ పడుతుంది. పక్కకు జారే భ్రంశం ఒకచోట ఆగిపోయి, కాస్త ఎడంగా మళ్ళీ మొదలైతే నేలలో జరిగేదీ ఇదే. ఆ రెండు కొసల నడుమ భూమి సాగి, పగిలి, కుంగుతుంది. చుట్టూ ఉన్న కొండల నుంచి వచ్చే రాళ్ళూ మట్టీ ఆ గుంతను పూడుస్తూనే ఉంటాయి. పూడిక కంటే కుంగుడు వేగంగా ఉన్నంతకాలం లోయ లోయగానే మిగులుతుంది.

డెత్ వ్యాలీలో ఉత్తర భ్రంశం వాయవ్యం నుంచి ఆగ్నేయానికి సాగుతుంది. దక్షిణ భ్రంశానిదీ అదే దిక్కు, కాకపోతే అది కుడివైపుకు జరిగి ఉంటుంది. రెండూ కుడి జారుడు భ్రంశాలు. అంటే ఒక పక్కన నిలబడి చూస్తే అవతలి పక్క కుడికి జరుగుతుంది. ఈ రెండింటి మధ్య, బ్లాక్ మౌంటెన్స్ పాదాల వెంట, మూడో భ్రంశం ఉంది. దీని మీద లోయ నేల ప్రధానంగా కిందికి జారుతోంది. సముద్రమట్టానికి 86 మీటర్ల దిగువన ఉన్న బ్యాడ్‌వాటర్ ఉప్పు పర్ర ఇక్కడిదే. అక్కడి నుంచి పడమటికి తలెత్తితే పానమింట్ కొండల్లో 3,360 మీటర్లు దాటిన టెలిస్కోప్ పీక్ కనిపిస్తుంది.

మృత సముద్రం దగ్గర కుడి ఎడమలు తారుమారవుతాయి. ఎర్ర సముద్రపు కొస నుంచి టర్కీ దాకా సుమారు వెయ్యి కిలోమీటర్లు సాగే ఎడమ జారుడు భ్రంశం ఇది. దీనికి తూర్పున అరేబియా పలక, పడమట సైనాయ్ ఉన్నాయి. దక్షిణం నుంచి వచ్చే అరబా భ్రంశం మృత సముద్రపు తూర్పు ఒడ్డు పట్టుకుని సాగుతుంది. ఉత్తరాన జెరికో మీదుగా పోయే భ్రంశం పడమటి ఒడ్డు నుంచి ఆ కదలికను అందుకుంటుంది. ఈ రెండింటి నడుమ ఉన్న గుంతలో నిలిచిన నీరే మృత సముద్రం. పటం చూసినవాళ్ళకు ఈ రెండు లోయలూ కవల పిల్లల్లా కనిపించడంలో వింతేమీ లేదు.

తిరగబడిన వ్యాఖ్యానాలు

ఈ రెండు లోయలనూ కలిపే మరో సంగతి ఉంది. దాన్ని పాఠ్యపుస్తకాలు అంతగా పట్టించుకోవు. రెండింటికీ పేరున్న భూవిజ్ఞానులు మొదట పూర్తిగా ఎదురు దిశలో భాష్యం చెప్పారు. నేల సాగి కుంగిందని ఇవాళ మనం అంటున్న చోట వాళ్ళు నేల నొక్కుకుపోయిందన్నారు.

మృత సముద్రం విషయంలో ఆ మాట అన్నది బెయిలీ విల్లిస్. 1928లో అచ్చయిన వ్యాసంలో ఆయన ఇది సాగిన లోయా, నొక్కుడు లోయా అన్న ప్రశ్న వేసి రెండోదానికే ఓటు వేశాడు. రెండు పక్కల నుంచీ కొండలు ఒత్తుకొచ్చి లోయ మీదికి ఎక్కాయనీ, ఆ బరువుకు నడిమి నేల దిగబడిందనీ ఆయన వాదన. డెత్ వ్యాలీ విషయంలో లెవీ నోబుల్ 1941లో దక్షిణాన ఉన్న వర్జిన్ స్ప్రింగ్ ప్రాంతం గురించి రాశాడు. అక్కడ కొండంత రాతి ముక్కలు చిందరవందరగా ఒకదాని మీద ఒకటి పడి ఉన్నాయి. ఆ గందరగోళానికి ఆయన అమార్గోసా కేయాస్ అని పేరు పెట్టాడు. ఒత్తిడి వల్ల ఒక పెద్ద రాతి పలక మరోదాని మీదికి ఎక్కి ముక్కలైందని వివరించాడు.

ఇద్దరూ చెప్పింది ఒకే రకం భాష్యం. కానీ ఇద్దరి పనికీ ఒకే విలువ కట్టలేం. విల్లిస్ వాదనకు ఆధారం లోయ ఆకారం, అంచుల్లో నిలువునా లేచిన గోడలు. ఆ వాదన నిలవాలంటే లోయ మీదికి ఎక్కిన భ్రంశాలు ఒడ్డున కనబడాలి. అవి దొరకలేదు కాబట్టి వాదన కూలిపోయింది. వెనక మిగిలింది ఒక మంచి ప్రశ్న మాత్రమే. నోబుల్ వాదన కూడా నిలవలేదు గానీ ఆయన గీసిన పటం నిలిచింది. ఎందుకో చూస్తే విమర్శకుడు నేర్చుకోవలసింది కనిపిస్తుంది.

ఒత్తిడి వల్ల రాళ్ళు ఒకదాని మీదికి మరొకటి ఎక్కితే పాతవి కొత్తవాటి మీదికి వస్తాయి, పొరల మొత్తం మందం పెరుగుతుంది. అమార్గోసా కేయాస్‌లో ఉన్నది దీనికి నేరుగా విరుద్ధం. కొత్త రాళ్ళే పాతవాటి మీద ఉన్నాయి. ముక్కలు చెల్లాచెదరుగా ఉన్నా పొరల వరస మాత్రం చాలావరకు చెడలేదు. కొన్ని పొరలు పూర్తిగా మాయమయ్యాయి, మిగిలినవి చిక్కిపోయాయి. వరస చెడకుండా మందం తగ్గిందంటే నేల సాగిందనే అర్థం. ఈ వివరాలను నోబుల్ నిజాయితీగా పటంలోకి ఎక్కించాడు. దశాబ్దాల తర్వాత లారెన్ రైట్, బెన్నీ ట్రాక్సెల్ అదే నేల మీద మళ్ళీ తిరిగి, అవే పొరలను సాగుడు లెక్కన చదివారు. నోబుల్ చూపు తన సిద్ధాంతం కంటే ముందుంది. విల్లిస్‌కు సిద్ధాంతమే ముందు నడిచింది.

కొత్త భాష్యాలు కూడా జంటగానే వచ్చాయి. జోర్డాన్‌లో పనిచేసిన ఆల్బర్ట్ క్వెన్నెల్ 1958లో మృత సముద్రపు లోయను పక్కలకు జారిన భ్రంశాల మధ్య తెరుచుకున్న ఖాళీగా వివరించాడు. 1966లో బర్చ్‌ఫీల్, స్టీవర్ట్ డెత్ వ్యాలీ నడిమి భాగానికి పుల్-అపార్ట్ పుట్టుకను ప్రతిపాదించారు. పుల్-అపార్ట్ అన్న మాట స్థిరపడింది ఆ చిన్న వ్యాసంతోనే. వాళ్ళు తమ వాదనను లోయ నడిమి భాగానికే పరిమితం చేశారన్నది గమనించాలి. మొత్తం డెత్ వ్యాలీకి దాన్ని అతికించింది తర్వాత వచ్చినవాళ్ళు.

ఎంత దూరం జారింది?

ఏ భాష్యానికైనా అసలు పరీక్ష కొలత దగ్గరే. జారుడు భ్రంశాన్ని కొలవాలంటే ఒకప్పుడు కలిసి ఉండి ఇప్పుడు విడిపోయిన గుర్తులు రెండు పక్కలా దొరకాలి.

మృత సముద్రపు భ్రంశానికి అలాంటి గుర్తులు పుష్కలంగా దొరికాయి. వాటిలో చక్కనిది రాగి. అరబా లోయకు పడమట టిమ్నా ఉంది, తూర్పున జోర్డాన్‌లో ఫేనాన్ ఉంది. వేల ఏళ్ళ కిందటే మనుషులు ఈ రెండు చోట్లా రాగి తవ్వారు. ఆ ఖనిజం ఉన్న పొరలు ఒకే కాలానివి, ఒకే తీరువి. అరేబియా పలకను సుమారు 105 కిలోమీటర్లు వెనక్కి జరిపితే ఫేనాన్ టిమ్నాకు ఎదురుగా వచ్చి కూర్చుంటుంది. క్వెన్నెల్ లెక్కా, తర్వాతి వాళ్ళు వేర్వేరు రాతి గుర్తులతో కట్టిన లెక్కలూ దాదాపు ఇక్కడికే చేరాయి.

డెత్ వ్యాలీలో ఆ సుఖం లేదు. 1960లలో స్టీవర్ట్ పాత అవక్షేపాల పోలికలను పట్టుకుని ఉత్తర భ్రంశం మీద సుమారు 80 కిలోమీటర్ల జారుడు జరిగిందన్నాడు. 1967లో రైట్, ట్రాక్సెల్ ఆ లెక్కకు అడ్డం తిరిగారు. దక్షిణ భాగంలో జారుడు చాలా తక్కువేనని వాదించారు. ఒకే లోయలో ఉత్తరాన ఒక లెక్క, దక్షిణాన మరో లెక్క ఎలా వస్తాయి? మధ్యలో నేల సాగితే వస్తాయి. సాగే నేలలో ఒక భ్రంశం మీది కదలికలో కొంత భాగాన్ని చుట్టుపక్కల కొండలు పంచుకుంటాయి. రెండు గట్టి ముక్కలు ఒకదాని పక్క నుంచి మరొకటి జారిపోయే మృత సముద్రపు చిత్రం ఇక్కడ సరిపోదు.

ఇటీవలి కాలానికి వస్తే రెండింటి వేగమూ దగ్గరదగ్గరగానే ఉంటుంది. ఉత్తర డెత్ వ్యాలీలో రెడ్‌వాల్ కాన్యన్ నోటి దగ్గర విసనకర్రలా పరుచుకున్న ఒండ్రు మేటను భ్రంశం కోసింది. సుమారు 70 వేల ఏళ్ళ వయసున్న ఆ మేట దాదాపు 300 మీటర్లు జరిగింది. ఏడాదికి 4 మిల్లీమీటర్లకు కాస్త పైన అన్నమాట. మృత సముద్రపు భ్రంశం వేగం కూడా ఏడాదికి 4, 5 మిల్లీమీటర్లే. అంకె ఒకటే అయినా అది మోసే బరువు వేరు. మృత సముద్రం దగ్గర రెండు పలకల మధ్య కదలిక దాదాపు అంతా ఆ ఒక్క భ్రంశం మీదే నడుస్తోంది. పసిఫిక్, ఉత్తర అమెరికా పలకల మధ్య కదలిక ఏడాదికి 50 మిల్లీమీటర్ల దాకా ఉంటుంది. అందులో పెద్ద వాటా శాన్ ఆండ్రియాస్ భ్రంశానిది. డెత్ వ్యాలీకి దక్కేది పదో వంతుకు మించదు. ఒకటి సరిహద్దు గీత, మరొకటి సరిహద్దుకు లోపల, దూరాన ఉన్న పగులు.

రాయి చెప్పేది, బురద చెప్పేది

సాక్ష్యం విషయంలో రెండు లోయలూ ఒకదానికొకటి పొంతన లేకుండా ఉంటాయి. డెత్ వ్యాలీ రాతిని చూపిస్తుంది, మృత సముద్రం బురదను చూపిస్తుంది.

బ్లాక్ మౌంటెన్స్ ముందు భాగంలో తాబేటి డిప్పల్లా ఉబ్బి, నున్నగా కనిపించే రాతి ముఖాలు మూడున్నాయి. 1938లో కర్రీ వాటికి టర్టిల్‌బ్యాక్స్ అని పేరు పెట్టాడు. వాటిలో 170 కోట్ల ఏళ్ళ నాటి రూపాంతర శిలలు బయటపడ్డాయి. కిలోమీటర్ల లోతున ఉండాల్సిన రాళ్ళవి. పైన కప్పి ఉన్న పొరలు వాలుగా ఉన్న భ్రంశం మీద జారిపోతే కింద ఉన్నవి పైకి తేలాయి. చెట్టూ చేమా లేని ఎడారి కాబట్టి ఈ ముఖాలను నేరుగా చూడొచ్చు, తాకొచ్చు. భ్రంశం ఎలా పనిచేస్తుందో ఇంత బాహాటంగా చూపే చోట్లు తక్కువ.

కుంగుడు ఇంకా ఆగలేదనడానికి గుర్తులు లోయ నేల మీదే ఉన్నాయి. పడమట పానమింట్ పాదాల దగ్గర ఒండ్రు మేటలు కిలోమీటర్ల కొద్దీ పరుచుకుని ఉంటే, తూర్పున బ్యాడ్‌వాటర్ వైపు చిన్న చిన్న మేటలే కనిపిస్తాయి. నేల తూర్పుకు వాలుతూ కుంగుతుంటే అటు పడిన మట్టి పడినట్టే పూడుకుపోతుంది. ఛార్లెస్ హంట్, డాన్ మేబీ 1966లో అచ్చయిన తమ పరిశీలనలో ఇంకా నిక్కచ్చి కొలత ఇచ్చారు. సుమారు రెండు వేల ఏళ్ళ కిందట ఈ లోయలో ఓ మాదిరి సరస్సు ఉండేది. నిలిచిన నీటి గట్టు అన్ని వైపులా ఒకే మట్టంలో ఉండాలి. కానీ ఆ సరస్సు గట్టు తూర్పున కంటే పడమట సుమారు 20 అడుగులు ఎత్తున ఉంది. రెండు వేల ఏళ్ళలో లోయ అంత ఒరిగింది. ఏ యంత్రమూ లేకుండా నీటిమట్టంతోనే చేసిన కొలత ఇది.

అయితే ఆ ఒరుగుడు ఎన్ని భూకంపాల్లో జరిగిందో, ఏ ఏడాది జరిగిందో డెత్ వ్యాలీ చెప్పదు. లోయ నడిమి భ్రంశం మీద పెద్ద భూకంపాన్ని చూసి రాసినవాళ్ళు లేరు. టింబిషా షోషోనీ ప్రజలు తరతరాలుగా ఇక్కడ ఉన్నా, లిఖిత చరిత్ర మొదలైంది 1849లో బంగారం వేటగాళ్ళు దారి తప్పి వచ్చాకే. దగ్గర్లో నమోదైన పెద్ద భూకంపం అంటే పడమట కొండల అవతల ఓవెన్స్ లోయలో 1872 మార్చి 26న వచ్చినదే. లోన్ పైన్ ఊరు నేలమట్టమైంది. గ్రోవ్ కార్ల్ గిల్బర్ట్ తర్వాత ఆ చోటు చూసి, కొండ పాదాల వెంట ఉన్న నేల మెట్లకూ భూకంపాలకూ సంబంధాన్ని తేల్చాడు. 1883లో సాల్ట్ లేక్ సిటీ పత్రికలో తమ ఊరి కొండ పాదాల్లోనూ ఇలాంటి ముప్పే ఉందని హెచ్చరించాడు.

మృత సముద్రం వైపు చూస్తే లెక్క తిరగబడుతుంది. అక్కడ భ్రంశపు ముఖాలు కిలోమీటర్ల మందపు ఉప్పూ మట్టీ కింద కూరుకుపోయాయి. పూడిక కొన్నిచోట్ల 8 కిలోమీటర్లు దాటుతుంది. కానీ కాలాన్ని చెప్పడంలో దానికి సాటి లేదు. సుమారు 70 వేల ఏళ్ళ కిందటి నుంచి 15 వేల ఏళ్ళ కిందటి దాకా అక్కడ లిసాన్ అనే పెద్ద సరస్సు ఉండేది. మసాదా కోట కింద ఆ సరస్సు అడుగు పొరలు బయటపడి ఉన్నాయి. మిల్లీమీటరు మందంలో తెల్లటి అరగోనైట్ పొర, దాని మీద వరద తెచ్చిన బూడిదరంగు మట్టి పొర, మళ్ళీ తెలుపు. ఒక్కో జత ఒక్కో ఏడాది. ఆ గీతల మధ్యలో అక్కడక్కడా పొరలన్నీ కలగలిసి, చితికి, మళ్ళీ పేరుకున్న పట్టీలు వస్తాయి. సరస్సు అడుగు బురదను భూకంపం కుదిపి వదిలిన గుర్తులవి. 1990లలో ష్ముయెల్ మార్కో, అమోత్జ్ అగ్నోన్ వీటిని చదివే పద్ధతిని నిలబెట్టారు. 2010, 11 సంవత్సరాల్లో సరస్సు నడిబొడ్డున 450 మీటర్ల లోతుకు తవ్వి తీసిన మట్టి స్తంభం ఆ లెక్కను రెండు లక్షల ఏళ్ళ వెనక్కి తీసుకెళ్ళింది.

బురద వదిలిన ఖాళీలను మనుషుల రాతలు, కట్టడాలు పూరిస్తాయి. గలిలీ సరస్సుకు ఉత్తరాన, ఇదే భ్రంశం మీద, క్రూసేడర్లు 1178లో కోట కట్టడం మొదలుపెట్టారు. మరుసటి ఏడాదే సలాదీన్ దాన్ని పడగొట్టాడు. మిగిలిన గోడలను భ్రంశం సరిగ్గా మధ్యలో కోసింది. తిన్నగా కట్టిన గోడ ఇప్పుడు 2.1 మీటర్లు తప్పి ఉంది. అందులో 1.6 మీటర్లు 1202 మే 20 తెల్లవారుజామున జరిగినవి, మిగతాది 1759 నాటి భూకంపానిది. రోజుతో సహా చెప్పగలిగే ఇలాంటి కదలిక డెత్ వ్యాలీలో ఒక్కటీ లేదు.

వేడి నేల, చల్ల నేల

నా వాదనకు గట్టి ఆధారం భూమి లోపలి వేడి. మృత సముద్రం కింద పైపెంకు చల్లగా, గట్టిగా ఉంది. పైకి వచ్చే వేడి తక్కువ. భూకంపాలు 20 కిలోమీటర్ల కంటే లోతునా పుడుతున్నాయి. మెత్తబడిన రాయి అంత లోతున పగలదు, జారుతుంది. అక్కడ పగులుతోందంటే రాయి ఇంకా చల్లగా ఉందన్నట్టే. చల్లని గట్టి పలక రెండుగా చీలి ఒకదాని పక్క ఒకటి జారితే, మెట్టు దగ్గర పడిన ఖాళీ మృత సముద్రం. నమూనా అచ్చంగా సరిపోతుంది.

డెత్ వ్యాలీ వేడి నేల. 1982లో ధ్వని తరంగాలతో లోతులు పరిశీలించినప్పుడు లోయ దక్షిణాన సుమారు 15 కిలోమీటర్ల లోతులో మెరుపులా ప్రతిఫలించే పొర దొరికింది. అది కరిగిన రాయి కావచ్చని అధ్యయనం చేసినవాళ్ళు ప్రతిపాదించారు. అదే ప్రాంతంలో నేల మీద ఒక చిన్న అగ్నిపర్వతపు బూడిద దిబ్బ ఉంది. దక్షిణ భ్రంశం దాన్ని రెండుగా కోసి, సగాన్ని పక్కకు జరిపింది. ఈ నేల నెవాడా, యూటా దాకా విస్తరించిన బేసిన్ అండ్ రేంజ్ ప్రాంతంలో భాగం. కోటి ఏళ్ళకు పైగా సాగుతూ వస్తున్న నేల ఇది. టర్టిల్‌బ్యాక్స్, అమార్గోసా కేయాస్ ఆ సాగుడులోనే రూపుదిద్దుకున్నాయి. పుల్-అపార్ట్ అమరిక ఆ పైన వచ్చింది. దాన్ని ఒక్కదాన్నే పట్టుకుంటే కింద ఉన్న పెద్ద కథ కనిపించకుండా పోతుంది.

లోతు లెక్కలో తిరకాసు

రెండింటినీ పోల్చేవాళ్ళు తరచూ వాడే అంకె లోతు. ఒకటి 86 మీటర్ల దిగువన, మరొకటి 430 మీటర్లకు పైగా దిగువన. కానీ బ్యాడ్‌వాటర్ అంకె ఎండిన నేలది. మృత సముద్రం అంకె నీటిమట్టానిది. దాని ఉత్తర భాగంలో నీటి అడుగు ఇంకా సుమారు 300 మీటర్లు కిందికి ఉంది. పైగా ఆ నీటిమట్టంలో మన వాటా కూడా ఉంది. 1960లలో అది 395 మీటర్ల దిగువన ఉండేది. జోర్డాన్ నది నీటిని, దాని ఉపనదులను పైనే మళ్ళించడం, దక్షిణాన పొటాష్ కోసం నీటిని ఆవిరి చేయడం వల్ల ఏడాదికి మీటరుకు పైగా పడిపోతోంది. నీరు వెనక్కి పోయిన చోట మంచినీరు ఉప్పు పొరలను కరిగిస్తుంటే వేల కొద్దీ గుంతలు పడుతున్నాయి. చాలావాటి వరసలు కింద దాగిన భ్రంశాల వెంటే సాగుతాయి. డెత్ వ్యాలీ 86 మీటర్లు మాత్రం నూటికి నూరు పాళ్ళు భూమి పనే. 2023 ఆగస్టు 20న హిలరీ తుపాను ఒక్కరోజులో ఏడాది సగటును మించిన వాన కురిపిస్తే బ్యాడ్‌వాటర్‌లో మళ్ళీ సరస్సు నిలిచింది. కొన్ని నెలలకు ఎండిపోయింది. లోయ మట్టంలో మార్పేమీ లేదు.

తీర్పు

జారుడు భ్రంశాల మధ్య లోయ ఎలా తెరుచుకుంటుందో నేర్పడానికి మృత సముద్రం మంచి పాఠం. ఆ భ్రంశం ఎప్పుడెప్పుడు కదిలిందో చెప్పడానికి అంతకు మించిన పాఠం మరొకటి లేదు. భ్రంశం ఎలా పనిచేస్తుందో, లోతు రాళ్ళను ఎలా పైకి తెస్తుందో చూడాలంటే డెత్ వ్యాలీకే పోవాలి. ఒకదాని బలం మరొకదానికి లేదు. అందుకే ఒకదాన్ని మరొకదానికి ఉదాహరణగా వాడటం రెండింటికీ అన్యాయం.

ఈ తేడా తెలుగు పాఠకులకు ఎందుకంటే, మనకూ ఒక భ్రంశ లోయ ఉంది. సింగరేణి బొగ్గు పుట్టిన ప్రాణహిత-గోదావరి లోయ భ్రంశాల మధ్య కుంగిన నేలే. అయితే అది కోట్ల ఏళ్ళ కిందటి గోండ్వానా కాలంలో కుంగింది. దాని అంచులు ఇవాళ అడవి కింద, పొలాల కింద ఉన్నాయి. 1969 ఏప్రిల్ 13న భద్రాచలం దగ్గర 5.7 తీవ్రతతో, 2024 డిసెంబర్ 4న ములుగు దగ్గర 5.3 తీవ్రతతో భూమి కంపించింది. అలాంటి రోజున పటం మీది గీతలు చూపి మనం రిఫ్ట్ మీద కూర్చున్నామని కంగారు పడటమూ, పాతదే కదా అని కొట్టిపారేయడమూ ఆకారాన్నే కథగా చదివే పొరపాట్లే. ఏ లోయనైనా అడగాల్సినవి వేరే ఉన్నాయి. నేల వేడిదా చల్లదా? కదలిక ఏ పలకల వల్ల? చివరిసారి ఎప్పుడు కదిలిందో చెప్పే రాయో బురదో ఎక్కడ దొరుకుతుంది? డెత్ వ్యాలీ, మృత సముద్రం రెండూ వందేళ్ళ పరిశోధన తర్వాతే ఈ ప్రశ్నలకు వేర్వేరు జవాబులిచ్చాయి. గోదావరి లోయ జవాబు కూడా దాని సొంతదే అవుతుంది. దానికోసం మన భ్రంశాలను మనమే తవ్వి, కొలిచి చదవాలి.